పంగల కర్ర వంగిన చోట

కర్ర మొదటిసారి నా చేతుల్లో తిరిగినప్పుడు నేను నవ్వుతూ ఉన్నాను.

అప్పటికి డిప్లొమా ముగించి ఓవర్సీరుగా చేరి ఎంతో కాలం కాలేదు. ఎండిన బావులను లోతు చేయించడం నా పని. టేపు వేసి కొలవాలి, మట్టి ఎక్కడ ఆగి బండ ఎక్కడ మొదలైందో చూడాలి, గడ్డపార చాలునా మందు పెట్టి పేల్చాలా అన్నది తేల్చాలి. రాప్తాడు వైపు ఒక రైతు పొలానికి వెళ్లేసరికి ఆయన కర్ర పట్టి నేలలో నీళ్ల జాడ చూసే సాయిబును పిలిపించుకుని ఉన్నాడు. ముసలాయన. పచ్చి కానుగ పంగల కర్ర రెండు కొమ్మలనూ రెండు పిడికిళ్లలో పట్టుకుని, మొన ముందుకు చాచి, చెప్పులు లేకుండా నడుస్తున్నాడు. మిట్టమధ్యాహ్నం. మా వైపు ఆ వేళకు ఒంటరిగా చేనులోకి ఎవరూ పోరు. నీడ కాళ్ల కిందికి వచ్చేస్తుంది, దూరాన గుట్టలు గాలిలో కరిగి కదులుతుంటాయి, కాకి కూడా అరవదు.

"తాతా, కర్ర తిరగడం లేదు. నీ చేతులే తిప్పుతాండాయి" అన్నాను.

"అట్లనా ఓవర్సీరన్నా? అయితే నీ చేతులు తిప్పకుండా పట్టుకో, చూద్దాం" అని కర్ర నాకిచ్చాడు.

ఆ పట్టులో ఉన్న కిటుకు నాకు తెలుసు. రెండు కొమ్మలనూ బయటికి లాగి పట్టుకుంటే కర్ర బిగించిన స్ప్రింగులాంటిది. మణికట్టు వెంట్రుకవాసి తిరిగినా మొన కిందికి పడిపోతుంది. కాబట్టి మణికట్లు కదలకుండా బిగబట్టి నడిచాను. రైతు, ఆయన మనుషులు నా వెనక వచ్చారు. చేను మధ్యకు వచ్చేసరికి మొన ఒక్కసారిగా కిందికి దిగింది. ఆపాలని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నేను పట్టిన కొద్దీ తిరిగింది. పచ్చి బెరడు నా పిడికిట్లో మెలి తిరిగి ఊడి, అరచేతి తోలు లేచిపోయింది.

"ఏమన్నా, నవ్వు యాడికి పోయె?" అన్నాడు సాయిబు.

అక్కడ తవ్వారు. నీళ్లు పడ్డాయి. అది వాగు వంక పక్క పొలం, ఎక్కడ తవ్వినా పడి ఉండేవి. ఆ మాట నేను రైతుతో అన్నాను కూడా. అయితే ఒకసారి అన్నాను, మెల్లగా అన్నాను. ఓవర్సీరన్న చేతికి నీళ్లు పలుకుతాయన్న మాట గార్లదిన్నె దాకా పాకింది.

నేను మిషన్ హాస్టల్లో పెరిగినవాణ్ణి. ప్రతి సాయంత్రం దేవుని ఎదుట ఆ దినాన్ని తిరగేసి చూసుకోమని అక్కడ మాకు నేర్పారు. లెక్కల మనిషిని కనుక ఆ పనికి వరసగా అంశాలు పెట్టుకున్నాను: నాలుక, కళ్లు, చేతులు, కోపం, ప్రార్థన. వర్క్‌షాపు మూసేముందు యంత్రాలను ఒక్కొక్కటే చూసినట్టు వీటిని చూసేవాణ్ణి. నాలుక అబద్ధమాడిందా? చేతులు లంచం పట్టాయా, ఎవరినైనా కొట్టాయా? చేతులు ఏ రోజూ తప్పేవి కావు. వాటికోసం ఎక్కువసేపు ఆగేవాణ్ణి కూడా కాదు.

కర్ర సంగతి ఏ అంశం కింద రాసుకోవాలో తెలియలేదు. కారణాలు మూడే తోచాయి. ఒకటి, నీరు లాగుతోంది. అలా లాగే శక్తి ఏదీ నేను చదవలేదు. రెండు, దురాత్మ లాగుతోంది. ప్రభువు పేరు తలచుకునే పట్టుకున్నాను, అయినా తిరిగింది. మూడు, నేనే తిప్పుతున్నాను. మూడోదాన్ని మాత్రం వెంటనే కొట్టేశాను. నేను తిప్పడం లేదని నాకు తెలుసు కదా.

ఆ తర్వాతి నెలల్లో చేతులు వేరే చోట్ల కూడా అలా చేయసాగాయి. సైకిల్ మీద పోతుంటే, పొలం గట్టున మనుషులు గుంపుగా నిలబడి నా వైపు చూస్తే, హ్యాండిల్ అటు తిరిగేది. రోడ్డు మీద రాయి ఉండేది కాదు, గాలి ఉండేది కాదు. దేవుని గుడిలో, అంటే మా చర్చిలో, పాటల పుస్తకం రెండు అంచులూ పట్టుకుని నిలబడితే, పక్కవాళ్లు పాడడం ఆపి ఊపిరి తీసుకున్నప్పుడల్లా పుస్తకం మెల్లగా కిందికి వాలేది. మళ్లీ పైకెత్తుకునేవాణ్ణి. ఎవరితోనూ చెప్పలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని నడవడం అలవాటైంది.

గార్లదిన్నె దాటాక మా అమ్మ పుట్టిన పల్లె ఉంది. ఊరికి దూరంగా మావాళ్ల గుడిసెలు, నడుమ రాతిగోడల దేవుని గుడి. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, అక్కడ ఉపదేశి. ఆదివారాలు వాక్యం చదివేది, చనిపోయినవాళ్లకు ప్రార్థన చేసేది, పిల్లలకు అక్షరాలు దిద్దించేది అతనే. ఆ ఎండాకాలం మావాళ్ల బావి అడుగు కనిపించింది. ఆడవాళ్లు కడవలతో ఊళ్లో పెద్దరైతు బావి దగ్గరికి పోయి దూరంగా నిలబడేవాళ్లు. మావాళ్లు ఆ తాడు ముట్టుకోకూడదు. రైతు జీతగాడు తీరిక చేసుకుని వచ్చి తోడి పోసేదాకా కాచుకోవాలి. చిన్నప్పుడు సెలవులకు వచ్చి నేనూ ఆ ఎండలో నిలబడ్డాను. ఇప్పుడు ఆ పెద్దరైతు, వానలు పడాల్సిన మృగశిర కార్తె దాకా పోస్తాననీ, అప్పటికీ పడకపోతే తన ఎద్దులకే చాలవనీ తేల్చి చెప్పేశాడు.

గుడి చుట్టూ ఉన్న చెక్క భూమి ఒక్కటే మావాళ్లది. అందులో కొత్త బావి తవ్వుకోవాలి. కరువు తినేసిన ఒంట్లో ఒక్క బావి తవ్వే సత్తువే మిగిలింది. అది ఎండుదైతే రెండోది తవ్వలేరు. గుడిసెలు విడిచి బళ్ళారి వైపు కూలికి పోవాల్సిందే.

మామ పట్నానికి వచ్చి నన్ను పిలిచాడు. "నాకైతే ఆ కర్ర నచ్చలేదు అల్లుడా. కానీ మీ అవ్వ వినదు. మనవడొచ్చి చూపిస్తేనే గడ్డపార ఎత్తేదంటాది. అందరూ అదే మాట."

వెళ్లాను. ఆడవాళ్లు రైతు బావి దగ్గరనుంచి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పల్లె మొత్తం నా వెనక నడిచింది. అంతమంది వట్టి కాళ్లు ఎండిన గరుసు నేల మీద నడిచే చప్పుడు, కంకర మీద చిన్న వాన పడుతున్నట్టు ఉంది. గుడి వెనక్కి వచ్చాక ఆ చప్పుడు ఆగింది. కర్ర వంగింది, మొన నా మోకాళ్లను కొట్టింది. మా అవ్వ మోకరించి ఆ మట్టి తీసి కొంగున కట్టుకుంది. ఎవరో అక్కడ గుర్తుకు రాయి పెట్టారు. మిగతావాళ్లు పాట అందుకున్నారు. నేను వాళ్ల మధ్య నిలబడి కిందికి చూశాను. అది బండ నేల. తంగేడు కూడా మొలవని చోటు. పక్కనే పరుపు బండ ఏనుగు వీపులా పైకి తేలి ఉంది.

జనం వెళ్లాక మామ ఆ గుర్తు దగ్గర చతికిలబడ్డాడు.

"నువ్వు చదివిన చదువు ఈడ తవ్వమంటాదా అల్లుడా?"

"లేదు మామా. చదువైతే ఆ పైన, మన చెక్క కొసన, నల్లగుండ్ల వరసకు ఎగువన తవ్వమంటాది. ఆ నల్లరాయి నేల లోపల గోడ మాదిరి అడ్డం ఉంటాది. పైనుంచి ఊరిన తేమ దాని వెనక నిలబడొచ్చు."

"కర్ర?"

"ఈడ తవ్వమంటాది."

"మరి నువ్వు ఏమంటావు?"

చదువు ఒకటి చెబుతోంది, కర్ర ఇంకొకటి చెబుతోంది, ఆ రెంటినీ చేత పట్టుకున్నవాడు ఎవడో కనిపించడం లేదు. మూడు కారణాల్లో నేను పరీక్షించకుండా కొట్టేసింది ఒక్కటే. అది నా గురించినది.

మరునాడు మామ తువ్వాలుతో నా కళ్లు కట్టించుకున్నాను. అతను ముందు నడుస్తూ, తన చొక్కా అంచును నా చిటికెన వేలికి చుట్టుకోనిచ్చి తిప్పాలి, ఇంకెవరూ రాకూడదు అన్నాను. చెక్కంతా తిప్పాడు. కర్ర కదలలేదు. గుర్తు పెట్టిన చోటు మీదుగా రెండు సార్లు తీసుకెళ్లానని తర్వాత చెప్పాడు. అక్కడా కదలలేదు.

అంతలో అవ్వ, ఇంకొందరు ఆడవాళ్లు వచ్చారు. "కళ్లు కట్టుకుని ఏం ఆటప్పా ఇది? దాగుడుమూతలా?" అని ఒకామె నవ్వింది. వాళ్లను వెనక రమ్మన్నాను. ఈసారి కర్ర వంగింది. తువ్వాలు తీసి చూస్తే నేను గుడి ముందర ఉన్నాను. మళ్లీ కట్టుకున్నాను. ఈసారి ముళ్లకంప పక్కన వంగింది.

"మామా, ఏది ముందు జరగతాండాది? కర్ర వంగడమా, వీళ్లు ఆగడమా?"

"వీళ్లు ఆగతాండారు. ఆ తర్వాత నీ కర్ర..." అని అక్కడే ఆపేశాడు.

అయితే ఈసారి మీకు ఇష్టమొచ్చిన చోట ఆగండి, నాకు చెప్పొద్దు అన్నాను. నడిచాను. కళ్ల మీద తువ్వాలు చెమటతో తడిసి ఎర్రటి వెలుతురుగా ఉంది. వెనక అడుగుల చప్పుడు వస్తూ ఉంది, వస్తూ ఉంది, ఆగింది. ఆ నిశ్శబ్దం నా వీపుకు తగిలింది. నేను ఇంకా ఏమీ అనుకోకముందే నా మణికట్లు లోపలికి తిరిగాయి. ఈసారి కాచుకుని ఉన్నాను కనుక తెలిసింది. నా వెనక నిలబడి, నా చొక్కా చేతుల్లోకి తన చేతులు దూర్చి, ఎవరో నెమ్మదిగా, ఆశగా తిప్పినట్టు తిరిగాయి. కర్ర వంగింది. ఆడవాళ్లలో ఎవరో "దేవా" అన్నారు.

ఆ ఒక్క మాటకోసం తిప్పాడు, నా చేతుల్లో దూరినవాడు. తువ్వాలు విప్పుకుని వెనక్కి చూస్తే, దూరంగా ఆగిన ఆడవాళ్లు తప్ప నా వీపు వెనక ఎవరూ లేరు. ఉంటారని నిజంగానే చూశాను.

పెద్దరైతు బావి దగ్గర కడవ పట్టుకుని నిలబడి ఎవరైనా తన కోసం ఆగుతారా అని చూసిన కుర్రవాడు ఒకడు నాలో ఎదగకుండా ఉండిపోయాడు. ఇప్పుడు పల్లెకు పల్లె వాడి వెనక అడుగు ఆపి నిలబడుతోంది. ఆ నిశ్శబ్దం కోసం వాడు నీళ్లు ఉన్నాయని చెబుతాడు, లేవని చెబుతాడు, ఏదైనా చెబుతాడు. నా అంశాల్లో వాడికి చోటు లేదు. ఉండదు కూడా. ఇన్నేళ్లుగా సాయంత్రాలు లెక్క చూసినవాడు వాడే. పరీక్ష రాసినవాడూ, దిద్దినవాడూ ఒకడే అయితే ఎవరు తప్పుతారు?

ఆ సాయంత్రం అంశాలు చూడలేదు. "ప్రభువా, నేను చూడలేను. నువ్వు చూడు" అన్నాను. ఇంకేమీ రాలేదు. అది ఎంత భయపెట్టే ప్రార్థనో అన్న తర్వాతే తెలిసింది.

ఆ ఆదివారం ప్రభు భోజనం. రొట్టె పంచడానికి పట్నంనుంచి పాస్టరు అయ్యగారు బస్సులో వస్తారు. ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. మనసులో తేలని సంగతి ఉన్నవాళ్లు లోపలికి రాకుండా బయట అరుగు రాయి మీద కూర్చుంటారు. వాళ్ల సంగతి తేలేదాకా లోపల ఎవరూ రొట్టె ముట్టరు. మామూలుగా ఆ రాయి మీద కూర్చునేది తోడికోడళ్లు, కోడిపెట్ట తగాదాల్లో. ఆ ఉదయం నేను కూర్చున్నాను. సోమవారం గుర్తు మీద గడ్డపార పడాలి.

"ఏమప్పా ఓవర్సీరా, నీది ఏ కోడి?" అన్నాడు ఒక యువకుడు. అందరూ నవ్వారు.

"గుర్తు పెట్టింది కర్ర కాదు, నేను" అన్నాను. కళ్లు కట్టుకుని చూసిన సంగతంతా వరసగా చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"అంటే అబద్ధం చెప్పినావా?" అన్నాడతను.

"చెప్పేటప్పుడు అబద్ధమని నాకు తెలీదు."

"తెలీకుండా అబద్ధం ఎట్ల చెప్తారప్పా? పెద్దరైతు ఏమన్నా నీ చెవిలో ఊదినాడా, మేము బావి తవ్వుకోకుండా?"

"నోరు ముయ్యిరా" అని అతన్ని కసిరింది అవ్వ. నా దగ్గరికొచ్చి నిలబడింది. "ఆడ నీళ్లు లేవంటావా?"

"ఉండాయో లేవో తెలీదవ్వా. కర్రకు తెలీదు, నాకూ తెలీదు."

"తిప్పింది నువ్వే అంటివి. నీకెట్ల తెలీకపోతాది? భయపడినావు. రేపు నీళ్లు పడకపోతే మాట వస్తాదని భయపడినావు. పట్టుకో ఇంకోసారి. అందరం ఉండాం, దేవుని గుడి ముందర ఉండాం, పట్టుకో."

ఎవరో కర్ర తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఆమె నా ముందు చాచింది. గుడిలోంచి అయ్యగారు కూడా గడప దగ్గరికి వచ్చారు. అందరూ మాట ఆపారు. గాలి లేదు, పిల్లల ఏడుపు లేదు, గుట్టల మీద తెల్లటి ఎండ కదులుతోంది. ఆ నిశ్శబ్దం మళ్లీ నా వీపు మీదికి వచ్చి నిలబడింది. కర్ర నా చేతుల్లో లేనే లేదు. అయినా ఒడిలో పెట్టుకున్న నా రెండు మణికట్లూ లోపలికి తిరగడం చూశాను. అవ్వ కూడా చూసింది. ఆమె చూపు నా చేతుల మీదనుంచి నా ముఖం మీదికి వచ్చింది. కర్రను మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఏసయ్యా," అంది చిన్నగా, "ఏందిరా ఇది నీలో?"

"అదే అవ్వా, నేను చెప్పతాండేది."

ఆమె కర్రను కంపలోకి విసిరేసింది.

అప్పుడు చదువు చెప్పే చోటు చెప్పాను. నల్లగుండ్లకు ఎగువన నీళ్లు పడొచ్చు, పడకపోవచ్చు, అడుగు అడుగుకూ రాయి తగులుతుంది అన్నాను. పడొచ్చు అన్న మాట ఎవరికీ రుచించలేదు. కర్ర ఎప్పుడూ పడొచ్చు అనలేదు. చాలాసేపు వాదించుకున్నారు. నన్ను తిట్టినవాళ్లున్నారు. చివరికి మామ లేచాడు.

"ఈయప్పకు తెలిసింది ఇంతే. తెలీనిది తెలీదన్నాడు. నేను ఆ పైన తవ్వతా. వచ్చేవాళ్లు రాండి" అని నా చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లాడు.

అయ్యగారు రొట్టె ముక్క నా అరచేతిలో పెట్టారు. ఇదే చెయ్యి. దాచుకోవడానికి వేరే చెయ్యి లేదు. అలాగే చాచి తీసుకున్నాను.

సెలవు పెట్టి నేనూ తవ్వాను. గరుసు, ఆ కింద సుద్ద, ఆ కింద రాయి. వానలు రాలేదు గానీ గడువు వచ్చింది. పెద్దరైతు పోయించడం మానేశాడు. ఆడవాళ్లు గార్లదిన్నె దాకా నడిచి తెచ్చేవాళ్లు. రెండు ఇళ్లవాళ్లు తట్టాబుట్టా ఎత్తుకుని బళ్ళారి వైపు వెళ్లిపోయారు. నన్ను కోడి సంగతి అడిగిన యువకుడు వాళ్లతో వెళ్లాడు. పోతూ బావి అంచున నిలబడి, లోపల ఉన్న నన్ను చూశాడు. "కర్ర చెప్పిన చోటే తవ్వింటే ఈపాటికి తాగుతాంటిమి" అన్నాడు. కాదని నేను అనలేకపోయాను. కర్ర వంగిన చోట ఇప్పటికీ ఎవరూ తవ్వలేదు. దాని కింద ఏముందో ఎవరికీ తెలియదు. పల్లెకు పోయినప్పుడు ఆ పక్కనుంచి నడవాల్సి వస్తే నేనిప్పటికీ కాస్త దూరంగా నడుస్తాను.

వాళ్లు వెళ్లిన తర్వాత ఒక ఉదయం నల్లరాయి అంచున బురద కనిపించింది. ఇంకా తవ్వగా నీళ్లు ఊరాయి. ఎక్కువ కాదు. తెల్లారేసరికి మిగిలిన ఇళ్లకు సరిపడా చేరేవి, కొంచెం ఉప్పగా ఉండేవి. తాడు మాత్రం మావాళ్లది. ఎవరికి కావాలంటే వాళ్లు తోడుకోవచ్చు.

మొదటి రోజు నాకూ దాహంగా ఉంది. ఆడవాళ్లు కడవలతో వరసగా నిలబడి ఉన్నారు. చెంబు పట్టుకుని బావి దగ్గరికి నడిచాను. ఎవరో జరిగి దారి ఇచ్చారనుకుంటాను. చూసుకునేసరికి తాడు నా చేతిలో ఉంది, ఆడవాళ్లంతా నా వెనక ఉన్నారు. ఎప్పుడు దాటి వచ్చానో నాకు తెలియదు.

"వరసలో రా నాయనా" అంది అవ్వ, తాడు నా చేతిలోంచి తీసుకుంటూ.

పోయి చివర నిలబడ్డాను.